నిల్వలో ఒక తల్లి పాత్ర

నాటక సమాజంలో లెక్కలు రాశానని చెబితే, మా చర్చి సంఘంలో ఇప్పటికీ కొందరు నవ్వాలో, నా కోసం ప్రార్థన చేయాలో తెలియక ఆగిపోతారు. వాళ్ళ తప్పేం లేదు. నేను ఉపదేశి కూతుర్ని. నౌపడ దగ్గర ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ మధ్య మా నాన్న బైబిలు వాక్యం చెప్పేవారు. పొద్దున్నే లేచి కంఠత వాక్యం అప్పజెప్తేనే గంజి. మా ఇంట్లో సినిమా మాట ఎత్తేవాళ్ళం కాదు, నాటకం మాట అసలే లేదు. అలా పెరిగినదాన్ని, విజయనగరంలో నేను పనిచేసే జనపనార మిల్లు మూతపడ్డాక, తెరలూ రంగుడబ్బాలూ హార్మోనియం ఉన్న చోటికి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

ఆ ఉద్యోగానికి ఒప్పుకునే ముందు మా పాస్టరు అయ్యగారిని అడిగాను.

"నిన్ను వేషం కట్టమన్నారా?" అన్నారాయన.

"లేదండి. లెక్కలు రాయమన్నారు."

"మరింకేటి? నిజం రాసే మనిషి అక్కడా కావాలి కదా. ఎల్లు."

తల మీద చెయ్యి పెట్టి, 'ప్రభువా, ఈమెను నీ పాత్రగా వాడుకో' అని ప్రార్థించి పంపారు. మా సంఘంలో అందరికీ చేసే ప్రార్థనే అది. ఆ మాట మీద అప్పుడు నేనంతగా ఆలోచించలేదు.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, 'సాఫ్ట్‌వేర్ వచ్చాక లెక్కల్లో తప్పులు పోయాయా ఆంటీ?' అని అడుగుతారు. కూడికల్లో తప్పులు పోయాయి. మిగతావి ఎక్కడికీ పోలేదు. వాటిలో ఒకదాని సంగతి చెబుతాను.

మా సమాజానికి పాతకాలపు హాలు ఒకటి ఉండేది. కార్యదర్శి గారు రిటైరైన హెడ్మాస్టరు. నేను చేరకముందు ఆయన జేబులే ఖాతాలు. కుడి జేబు రాబడి, ఎడమ జేబు ఖర్చు, చొక్కా జేబు 'తరవాత చూద్దాం'. చొక్కా ఉతుక్కి పోయిన రోజున ఆ ఖాతా ముగిసిపోయేది. ఆయన నిజాయితీని ఎవరూ అనుమానించలేదు గానీ, ఏ నాటకానికి ఎంతయిందో ఆయనకే తెలిసేది కాదు.

అలాంటి సమయంలో విశాఖపట్నంలోని ఒక దాతృ సంస్థ కొత్త నాటకం ఖర్చు భరిస్తామని ముందుకొచ్చింది. షరతు ఒకటే. లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో రాయాలి, ఏ నాటకం ఖర్చు ఆ నాటకం కింద, అందులో ఏ వేషం ఖర్చు ఆ వేషం కింద కనిపించాలి. దీన్ని కాస్ట్ సెంటర్ అంటారు. ఇంట్లో పప్పుకో డబ్బా, ఉప్పుకో డబ్బా పెట్టుకున్నట్టే. తెర కుట్టించినా, మేకు కొన్నా, మైకుసెట్టు వాడికి అడ్వాన్సు ఇచ్చినా, అది ఏ డబ్బాలో పడాలో చూసి వేయడమే నా పని.

కంప్యూటరు మీద నాతో పాటు ఒక ఆపరేటరు ఉండేవాడు. నలభై దాటిన మనిషి. అంతకుముందు బుడితి ఇత్తడి సామాన్లు అమ్మే దుకాణంలో ఏళ్ళ తరబడి బిల్లులు కొట్టాడు. వేళ్ళు కీబోర్డు మీద చూడకుండా పరిగెత్తేవి. "మీరు సెప్పండి మేడమ్, నేను కొట్టీస్తాను" అనేవాడు. నేను చేరేలోపే సాఫ్ట్‌వేర్‌లో మా సమాజం ఖాతాలు తెరిచి, ఖర్చులు ఎక్కించడం మొదలుపెట్టేశాడు. నిన్నటి పని చూసుకుంటూ వెళ్ళడానికి నాకు తీరిక దొరకలేదు. ఇవాళ్టిది చూడ్డానికే సరిపోయేది.

కొత్త నాటకం మా దర్శకుడే రాసుకున్నాడు. ఆయనది టెక్కలి, హార్మోనియం కూడా ఆయనే వాయిస్తాడు. కథ వంశధార ఒడ్డున జరుగుతుంది. వరద ఇంట్లోకి వచ్చేస్తుంటే పడవవాడి భార్య తన పసిబిడ్డను ఇత్తడి గంగాళంలో పడుకోబెట్టి నీళ్ళలోకి వదిలేస్తుంది. బిడ్డ బతుకుతాడు, ఎక్కడో పెరుగుతాడు, చాలా ఏళ్ళకు తల్లి ఎదుటికే వస్తాడు. ఆ తల్లి వేషం వేసే ఆమె మీదే నాటకమంతా నిలబడింది.

ఆమెది ఉద్దానం వైపు సముద్రం మీద బతికే ఇల్లు. నాకంటే కొంచెం పెద్దది. చిన్నప్పటినుంచీ రంగస్థలం మీదే ఉంది. ఆ వైపు ఎన్నో ఇళ్ళలో ఉన్న జబ్బే ఆమెకూ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. ఆ రోజున మంచం మీదనుంచి లేవలేకపోయేది. మర్నాడు మాత్రం సమాజం పెట్టిన కారులో విజయనగరం వచ్చి, ఒక గ్లాసుడు నీళ్ళు కూడా కొలుచుకుని తాగుతూ, సాయంత్రం దాకా రిహార్సల్ చేసి వెళ్ళేది.

మొదటిసారి నన్ను చూసినప్పుడు ఆఫీసు గుమ్మంలో నిలబడి నఖశిఖపర్యంతం పరికించింది.

"ఏటమ్మా, దేముడి పాటలు పాడుకునేదానివంట కదా, మా ఆటల్లోకి ఏటొచ్చినావు?"

"మిల్లు మూసీసినారప్పా."

'అప్పా' అనగానే ఆమె మొహం విచ్చుకుంది. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

"ఒసే, మన పక్కదానివేనా! మా ఆట మూసీరులే, కుదురుగా కూకో."

అప్పటినుంచీ డయాలసిస్ లేని రోజున ఆమె ముందు నా దగ్గరకే వచ్చేది. మధ్యాహ్నం నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే అయ్యేదాకా గుమ్మంలో ఆగేది. వాళ్ళు హార్మోనియానికి హారతి ఇచ్చేటప్పుడు నేను బయట వరండాలో ఉండేదాన్ని. ఒకరినొకరం మార్చాలని చూడలేదు. నేను మాత్రం రిహార్సల్ చూడ్డానికి ఏనాడూ వెళ్ళలేదు. ఆఫీసు తలుపు దగ్గరకేసుకునేదాన్ని. ఆమె గొంతుకు ఆ తలుపు ఒక లెక్క కాదు.

రెండో విడత నివేదిక పంపాల్సిన వారం మా చర్చిలో స్త్రీల కూటాలకు నేను సెలవు పెట్టాను. సంస్థవాళ్ళు ఫోన్ చేసి తొందరపెడితే, ఆపరేటరు సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని రకాల నివేదికలు వస్తాయో అన్నీ అచ్చుతీసి, కార్యదర్శి గారి సంతకంతో పంపేశాడు. నేను తిరిగొచ్చి అడిగితే, "నిండుగా పంపీసినాం మేడమ్, ఆళ్ళు సదువుకోలేక సావాల" అన్నాడు సంతోషంగా.

వాళ్ళు చదివారు. జవాబు రిహార్సల్ మధ్యలో వచ్చింది. కార్యదర్శి గారికి హెడ్మాస్టరు అలవాటు పోలేదు. ఉత్తరం ఏదొచ్చినా గొంతు సవరించుకుని అందరికీ వినిపించేలా చదువుతారు. నేను ఆఫీసులో ఉన్నాను, ఆయన గొంతు తలుపులోంచి వస్తోంది.

"తల్లి పాత్ర చాలాకాలంగా నిల్వలో ఉన్నట్టు గమనించాము. దీనికి ఎలాంటి కదలికా లేదు. రవాణా ఖర్చు మాత్రం పదేపదే కనిపిస్తోంది. ఉపయోగంలో లేని ఈ పాత్రను తొలగించి, ఆ మేరకు ఖర్చు తగ్గించవలెను. మా అధికారి వచ్చే వారం స్వయంగా వచ్చి..."

చివరి మాటలు ఆయన నోట్లోనే ఉండిపోయాయి. హార్మోనియం ఆగింది. నేను తలుపు తీసి బయటికొచ్చేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె వేదిక మీద బల్లకు చేరబడి కూర్చుని ఉంది. అంతకుముందు రెండు వారాలు ఒంట్లో బాగోక చాలా సన్నివేశాలు కూర్చునే చెప్పింది. 'కదలిక లేదు' అన్న మాట ఎవరికి తగలకూడదో వాళ్ళకే తగిలింది.

కొడుకు వేషం వేసే కుర్రాడు పగలు ఆటో నడుపుతాడు. వాడికే ముందు నోరు పెగిలింది. "తల్లి పాత్ర తీసీస్తే నేనెవులికి పుట్టాలండి? హార్మోనియానికా?"

ఎవరూ నవ్వలేదు.

"విశాఖపట్నంలో కూకున్నోళ్ళకి ఈమె కూకుని సెప్పినాదో, నిలబడి సెప్పినాదో ఎలా తెలిసింది?" అన్నాడు దర్శకుడు. అడిగింది అందరినీ. చూసింది నన్ను. "మేడమ్, మీరు ఆ కంప్యూటర్‌లో ఏటి రాసినారు?"

నేను జవాబు చెప్పేలోపు ఆమె లేచింది. చీర కొంగు సర్దుకుంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని కొంగుతో కప్పుకుంది.

"దాన్నేటి అంటారు. ఉన్నదే రాసింటాది. కదలిక నేదు కదా మరి." డ్రైవర్‌ని పిలిచింది. "పదరా బాబూ, సీకటడకముందు ఎలిపోదాం."

కారు వెళ్ళాక నేను కంప్యూటరు ముందు కూర్చుని, ఆపరేటర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాళ్ళకు పంపిన కాగితాల్లో 'నిల్వ సరుకు' అని ఒకటి ఉంది. నాటక సమాజానికి నిల్వ సరుకేమిటని తెరిచి చూశాను. ఇత్తడి గంగాళం ఒకటి. సరే, అది కొన్నదే, వేదిక వెనక ఉంది. దాని కింద వరసగా: తల్లి పాత్ర ఒకటి. కొడుకు పాత్ర ఒకటి. పడవవాడి పాత్ర ఒకటి. కరణం పాత్ర ఒకటి.

"ఇవేంటయ్యా?"

"పాత్రలు మేడమ్."

"ఎక్కడున్నాయి?"

"గోడౌన్లో ఉంటాయి కావాల. నేను లోపలికి ఎల్నేదు."

"పడవవాడి పాత్ర అంటే ఏమనుకున్నావు?"

"పడవలో అన్నం వండుకునేదనుకున్నాను."

"కరణం పాత్ర?"

"కరణం గారు ఇచ్చింటారనుకున్నాను. మా కొట్లో పేర్లు సెక్కించి ఇస్తారు కదండి, అలాగ."

"తల్లి పాత్ర, కొడుకు పాత్ర?"

"సెట్టు మేడమ్. పెద్దదాన్లో సిన్నది ఇమిడిపోతాది." అని చేతులతో చూపించాడు కూడా.

సంగతి ఇది. ఈ నాటకం కింద అతను ఎక్కించిన మొదటి ఖర్చు ఆ గంగాళమే. ఆ వెంటనే కార్యదర్శి గారు 'తల్లి పాత్ర - రవాణా' అని కారు చీటీ రాసిచ్చారు. ఇత్తడి దుకాణంలో సగం జీవితం గడిపిన మనిషికి అది ఇంకోలా ఎలా అర్థమవుతుంది? పాత్ర అన్న మాట కనబడ్డ ప్రతి చీటీనీ కొన్న గిన్నెగా నిల్వలో చూపించాడు. అమ్మకం లేదు కాబట్టి కదలిక లేదు. సంస్థలో కూర్చున్న అధికారికి ఆ కాగితంలో, ఒక గిన్నెను కారులో ఊరూరా తిప్పుతున్నట్టు కనిపించింది. పారేయమన్నాడు. అతని లెక్కలో అతనూ సరైనవాడే.

నాకు నవ్వొచ్చింది. ఆపరేటరు కూడా నవ్వాడు గానీ, కారు వెళ్ళిన దిక్కు చూసి ఆపేశాడు. "నా మూలాన్న ఆయమ్మ ఎలిపోనాదా మేడమ్?" అన్నాడు. అప్పుడు నాకూ నవ్వు పోయింది. నాటకం వాళ్ళకు పాత్ర అంటే వేషం. దుకాణం మనిషికి గిన్నె. మా సంఘంలో పాత్ర అంటే మనిషే. దేవుడు తన పనికి వాడుకునే మనిషి. వెండిదైనా మంటిదైనా ఆయన చేతిలో ఒకటే అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఒకే మాటను ముగ్గురం మూడు రకాలుగా పట్టుకుని కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషి లేచి వెళ్ళిపోయింది.

ఆమె ఫోన్ ఎత్తలేదు. మర్నాడు డయాలసిస్. ఆ తర్వాతి రోజు పొద్దున్నే నేను పలాస రైలెక్కాను. దారిలో నౌపడ ఉప్పుమడులు తెల్లగా కనబడ్డాయి. కిటికీలోంచి చూస్తూ, ఏం చెప్పాలో ప్రార్థనలో పెట్టుకున్నాను. పలాసలో దిగి ఆటోలో కొబ్బరి తోటల మధ్యనుంచి వాళ్ళ ఊరు చేరేసరికి ఆమె వరండాలో మంచం మీద కూర్చుని చేపల బుట్ట దించిన మనిషితో బేరమాడుతోంది.

"ఎవులు పంపినారే నిన్ను?"

"ఎవరూ పంపలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి పోదామని వచ్చాను."

గోడౌను, సెట్టు, కరణం గారి పేరు చెక్కడం, అన్నీ చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఒలమ్మో! నన్ను గిన్ననుకున్నారా! మా మావ బతికుంటే ఎంత మురిసిపోవునో. మూతి గిన్నలాగ పెట్టకే అని నిత్తెం తిట్టీవోడు."

చేపలామె కూడా నవ్వి, ఏమీ అర్థం కాకుండానే బుట్టెత్తుకుని వెళ్ళింది. నవ్వు ఆగాక ఆమె నా కళ్ళలోకి చూసింది.

"సరే. ఇప్పుడు సక్కగా దిద్దీసినావు కదా. ఆ మిషను ఇప్పుడేటి సెప్తంది? అందరి ఏసాల్లో దేనికి ఎక్కువవుతంది?"

నేను చేపల బుట్ట వెళ్ళిన దారి వైపు చూశాను.

"అబద్దవాడకు. నీకు రాదు."

"నీ వేషానికే, అప్పా."

"మరదీ." కొంగుతో మొహం తుడుచుకుంది. "గిన్ననుకుని తీసీమన్నా, మనిషనుకుని తీసీమన్నా, తీసీమనే కదా. నేనొచ్చే కారు కర్సుతో ఇంకో ఇద్దరు ఆడోళ్ళని పెట్టుకోవొచ్చు. నాకు తెల్దేటి. డబ్బుల కోసం నేను రాటం నేదే. సూదులు పొడిపించుకుని, మర్నాడు లేచి అంత దూరం ఎందుకొస్తన్నాను? ఆ గంగాళంలో బిడ్డని ఒగ్గేసిన కాడ నేను రోగిష్టిదాన్ని కాదు. అక్కడ ఒక్క పాలీ నాకు ఈ జబ్బు నేదు. అదీ తీసీసినారంటే ఇంక నాకుండేది ఆస్పటల్లో మంచవే."

మా నాన్న చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉండడం నేను చూశాను. నేనూ అలాగే కూర్చున్నాను. కాసేపయ్యాక ఆమే అడిగింది.

"మీ దేముడి పుస్తకంలో ఇలాటి తల్లి ఎవులైనా ఉందేటి?"

ఉంది. అంతకాలం తలుపవతల ఆ కథే వింటూ ఇది నాకు తట్టలేదు. చెప్పాను. రాజు మగబిడ్డల్ని చంపించే కాలంలో ఒక తల్లి తన బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున వదిలింది. రాజుగారి కూతురు ఆ బిడ్డను తీసుకుని, పాలివ్వడానికి ఒక దాదిని పిలిపించింది. వచ్చిన దాది ఆ తల్లే. జీతమిచ్చి మరీ పెట్టుకుంది.

"తన బిడ్డకి పాలిచ్చినందుకు తనకే జీతవా?"

"అవును."

ఆమె కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. "మీ దేముడికి లెక్కలు బాగానే వచ్చు" అంది. "మా ఆటలో తల్లికి అదీ నేదు." మళ్ళీ తనే, "ఆ ఆఫీసరు ఎప్పుడొస్తన్నాడు?"

"వచ్చే వారం. నిల్వలో ఉన్న పాత్రలు కళ్ళతో చూడాలట."

"అయితే నేనొస్తాను. సూసుకోనీ."

వెళ్ళేముందు ప్రార్థన చేయనా అని అడిగాను. "సేసుకో, పొట్టిగా సెయ్యి. పులుసు మాడిపోతాది" అంది.

తిరిగొచ్చాక కారు చీటీలన్నీ ముందేసుకుని డ్రైవర్‌తో కూర్చున్నాను. 'తల్లి పాత్ర - రవాణా' అని రాసిన ప్రతి చీటీకీ, ఆ రోజు కారులో ఎవరెవరు ఎక్కారని అడిగాను. టెక్కలిలో దర్శకుడు, ఆయన హార్మోనియం. నరసన్నపేటలో తబలా ఆయన. శ్రీకాకుళంలో డ్రెస్సుల పెట్టెలు. పోయేటప్పుడు మళ్ళీ అందరూ. కారు ఆమె పేరున పెట్టారు కాబట్టి ఖర్చంతా ఆమె వేషం నెత్తిన పడింది. ఇక్కడ మీకు ఒకటే చెబుతాను. ఖర్చు ఎవరి పేరున పడాలో సాఫ్ట్‌వేర్ తేల్చదు. చీటీ రాసినవాడు తేలుస్తాడు. ఎక్కినవాళ్ళందరికీ పంచి, దిద్దిన లెక్క అచ్చుతీశాను. ఎవరినీ కాపాడ్డానికి ఒక్క అంకె మార్చలేదు. మార్చి ఉంటే దేవుని ముందు నిలబడలేకపోయేదాన్ని, ఆమె ముందు కూడా.

అధికారి వచ్చిన రోజు కార్యదర్శి గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వచ్చింది చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చోగానే ఫైలు తీసి, "ముందు పాత్రలు చూపిస్తారా అండీ?" అన్నాడు. మా ఆపరేటరు తలుపు వెనక్కి జరిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆమె వేదిక మీదనుంచి మెల్లిగా దిగి వచ్చింది.

"బాబూ, తల్లి పాత్రని నేనే. కదలిక సూత్తావేటి?"

ఆటో కుర్రాడు ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. "నేను కొడుకు పాత్రనండి. ఆమెలో ఇమిడిపోతానంట."

ఆ అధికారి చెవులు ఎర్రబడడం నాకిప్పటికీ గుర్తు. లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆపరేటరు తలుపు వెనకనుంచి వచ్చి, "నా తప్పే సార్, నాది ఇత్తడి కొట్టండి" అన్నాడు. అప్పుడు హాలంతా నవ్వింది. నేను దిద్దిన లెక్క ఆయన ముందు పెట్టి, కారు సంగతీ, ఆమె డయాలసిస్ రోజుల సంగతీ వివరించాను. ఆయన ఒక్కో చీటీ సరిచూసుకుని తల ఊపాడు. కానీ ఫైలు మూయలేదు.

"ఖర్చు సంగతి సరే మేడమ్. మొదటి ప్రదర్శన మా సంస్థ వార్షికోత్సవం రోజున జరగాలి. అతిథులు ఖరారైపోయారు, తేదీ మార్చడం నా చేతిలో లేదు. ఆ రోజు ఈవిడకు..." కాగితం చూసి ఆగిపోయాడు.

ఆ రోజు డయాలసిస్. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

"ఇంకొకావిడ ఉందండి," అన్నారు కార్యదర్శి గారు నేల చూస్తూ. "ఆ ఒక్క ఆటకీ..."

"ఒక్క ఆట ఇచ్చీస్తే అన్నీ ఇచ్చీసినట్టేనండి" అన్నాడు దర్శకుడు.

ఇక్కడ నా దగ్గర ఏ లెక్కా లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట నొక్కినా ఆ తేదీ జరగదు. మనసులో 'ప్రభువా' అన్నాను. ఆమె మాత్రం జాకెట్టులోంచి ఫోన్ తీసి ఎవరికో చేసింది. స్పీకర్ పెట్టింది. అవతల ఒక ముసలి గొంతు.

"ఒరే బావా, నీ మంచం నాకిస్తావేటి?"

"నాకు పెళ్ళయిపోనాదే."

"సిగ్గు నేనోడా, డయాలసిస్ మంచం. నీ వంతు నాకిచ్చి నా వంతుకి నువ్వెల్తావా అని. నాకు ఆట ఉన్నాది."

అవతల ఎవరితోనో రోజులు లెక్కపెట్టించుకోవడం వినిపించింది. తన వంతు లేని రోజుల్లో డయాలసిస్‌కి వచ్చే పెద్దాయన అని ఆమె తర్వాత చెప్పింది. రోజు అటూ ఇటూ అయితే ఆయన ఒంటికీ కష్టమే.

"డాక్టరు ఒప్పుకుంటే తీసుకో. నాకో టికెట్టు ఇప్పించు."

"ఈ ఆటకి టికెట్టే నేదురా."

"అయితే కుర్సీ ఇప్పించు. కింద కూకోలేను."

డాక్టరు గారితో ఆ అధికారే మాట్లాడాడు. మర్నాడు కబురొచ్చింది. ఇద్దరికీ పరీక్షలు చేసి, ఒక్కసారికే అని ఒప్పుకున్నారు. సంస్థ తన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది.

ప్రదర్శన రోజున మేకప్ గదిలోంచి నన్ను పిలిపించింది. ముఖానికి రంగు సగమే పడింది.

"నువ్వు ముందు వరసలో కూకోవాలి."

"నేను నాటకాలు చూడనప్పా. నీకు తెలుసు కదా."

"ఆట సూడకు. ఆ జమ్ముపెట్టె తల్లిని సూడు."

వెళ్ళి కూర్చున్నాను. ఒక పక్క అధికారి, ఇంకో పక్క కుర్చీలో, పొద్దున ఆమె వంతుకి డయాలసిస్ చేయించుకుని నీరసంగానే కారులో వచ్చిన పెద్దాయన. జీవితంలో నేను చూసిన మొదటి నాటకం అదే. వరద సన్నివేశం వచ్చింది. గంగాళంలో బిడ్డను పడుకోబెట్టింది. అక్కడ ఆమె గంగాళాన్ని రెండు చేతులతో ఎత్తి నీళ్ళలోకి వదలాలి. సూదులు గుచ్చే చేత్తో బరువెత్తకూడదు కాబట్టి, తెర పక్కనుంచి కుర్రాడు వచ్చి సాయం పట్టేటట్టు దర్శకుడు ఏర్పాటు చేశాడు. వాడు రెండడుగులు వేశాడు. ఆమె వాణ్ణి కళ్ళతోనే ఆపేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, కుడి అరచెయ్యి గంగాళం అంచుకు ఆనించి, కొంచెం కొంచెంగా నెట్టింది. నెట్టి, మళ్ళీ దగ్గరకు లాక్కుంది. మళ్ళీ నెట్టింది. ఇత్తడి చెక్క మీద రాసుకుంటున్న చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ లేదు. చివరిసారి నెట్టి చెయ్యి తీసేసింది. తీసిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఆమేన్" అన్నాను.

మనసులో అనుకున్నాననుకున్నాను. సంఘంలో కూర్చున్నట్టు గట్టిగా అనేశాను. ముందు వరసలన్నీ నా వైపు తిరిగాయి. పెద్దాయన కూడా, ఏదో ఆచారం కాబోలనుకుని, నా వెంట "ఆమేన్" అన్నాడు. వేదిక మీద ఆమె కదలలేదు. కానీ కంటి కొనలో ఏదో మెరిసింది, నవ్వో నీరో ఆ వెలుతుర్లో తెలియలేదు.

తెర పడ్డాక మేకప్ గదికి వెళ్ళాను. ఆమె కుర్చీలో వాలిపోయి, కొలిచిన గ్లాసులో నీళ్ళు చిన్న గుక్కలుగా తాగుతోంది. తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఒసే, ఆ ఆమేన్ నీదేనా? తరవాత నాది ఏడుపుండాల. నీ ఆమేన్ మింగీసినాది."

"తప్పయిపోయిందప్పా."

"మింగితే మింగినాదిలే. అక్కడ ఏడకపోతేనే బాగుంది, డైరెక్టరు మాస్టారు కూడా అన్నారు." గ్లాసు పక్కన పెట్టింది. "మళ్ళీ ఆట ఎప్పుడో ముందే సెప్పు. ఈ పాలి ఆ ముసిలోడు ఒప్పుకోడు, మా మంచాల్లో ఇంకెవుల్నైనా బతిమాలుకోవాల."